అడుగున చిల్లు

మా ఇంట్లో పుస్తకాల అర పైన మూడు పింగాణీ కుండీలున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి లేత నీలం, మూడోది ఏనుగుపిల్ల ఆకారంలో ఉంటుంది. మూడూ ఖాళీ. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు "భలే ఉన్నాయే, మొక్కలు పెట్టలేదేం?" అంటుంటారు. పెట్టాను. వాటిలో ఒకటి ఒక మొక్కని చంపింది, మిగతా రెండూ చంపబోయాయి. కుండీలనని లాభంలేదు, చంపింది నేనే. అది ఒప్పుకోడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్ల కథే ఇది.

ఇక్కడ నేనింతవరకూ రాసినవన్నీ పుస్తకాల గురించే. సక్యులెంట్ మొక్కలకి ఎలాంటి కుండీ కావాలన్న విషయం మీద ఇంత పొడుగు వ్యాసం రాస్తానని నేనూ అనుకోలేదు. అలవాటు ప్రకారం దీన్ని కూడా సమీక్ష అనుకుని చదివెయ్యండి. కుండీల సమీక్ష, సమీక్షకుడి తప్పులతో సహా.

*

కిందటేడు జూన్ నెలాఖరు. మా టీమ్‌లో ఒకావిడ ఉండేవారు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కోడ్ రివ్యూలన్నీ ఆవిడే చేసేవారు. నాలుగు లైన్ల ఫంక్షన్‌కి పదకొండు కామెంట్లు పెట్టిన మనిషి. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత్తర్వాత ఆ కామెంట్ల కోసం ఎదురుచూడ్డం అలవాటైంది. అందరూ పేర్లు పెట్టి పిలుచుకునే ఆఫీసులో నేను ఆవిడ్ని అక్కా అని పిలిచేవాణ్ణి. ఆ బిల్డింగులో నాకున్న వరస అదొక్కటే.

ఒక మంగళవారం పొద్దున ఆవిడ క్యాలెండర్‌లో పావుగంట మీటింగ్ ఒకటి వచ్చి పడింది. మధ్యాహ్నం భోజనాలవేళకి ఆవిడ లాప్‌టాప్ పనిచెయ్యడం మానేసింది. ఆ రోజు ఆ ఫ్లోర్ మీద అలాంటి మీటింగులు చాలామందికే పడ్డాయి. నాకు పడలేదు. అమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే తలెత్తి ఆవిడ సీటు వైపు చూశాను. ముందు ఏది, తర్వాత ఏది అన్నది నాకు బాగా గుర్తుంది.

ఆవిడ బల్ల మీద మూడు మొక్కలుండేవి. మందపాటి గుండ్రటి ఆకుల జేడ్ మొక్క, తెల్ల చారల హవోర్థియా, తామరపువ్వులా విచ్చుకున్న ఎచెవీరియా. సామానంతా అట్టపెట్టెలో సర్దుకున్నాక, "ఇవి క్యాబ్‌లో ఒరిగిపోతాయి, నువ్వు తీసుకెళ్తావా?" అన్నారు. తలూపాను. "నీళ్ళు ఎక్కువ పొయ్యకు" అన్నారు. మళ్ళీ తలూపాను. కనీసం 'సారీ అక్కా' అన్నానో లేదో ఇప్పటికీ సరిగ్గా గుర్తు రాదు. అని ఉంటే గుర్తుండేదేమో.

ఆ మొక్కలు మామూలు మట్టికుండీల్లో ఉండేవి. అరచేతిలో ఇమిడేంత చిన్నవి. గోడల మీద తెల్లగా ఉప్పు చారలు, ఒకదానికి అంచు విరిగి ఉంది. కింద పళ్ళేలకి బదులు ఐస్‌క్రీమ్ డబ్బాల మూతలు. ఇంటికి తెచ్చి బాల్కనీలో పెట్టి చూస్తే ఎందుకో ప్రాణం ఉసూరుమంది. అంత మంచి మొక్కలకి ఇంత దరిద్రపు కుండీలేంటి అనిపించింది. ఆ శనివారమే వెళ్ళి మూడు పింగాణీ కుండీలు కొన్నాను. పద్దెనిమిది వందల యాభై రూపాయలు. అడుగున చిల్లు లేదేమని అడిగితే, "కింద గులకరాళ్ళు వెయ్యండి సార్, నీళ్ళన్నీ అందులోకి దిగిపోతాయి" అన్నాడు కొట్టతను. వినడానికి సబబుగానే ఉంది. గులకరాళ్ళు కూడా అక్కడే కొన్నాను.

ఆ రోజు అన్ని కుండీల్లోకి మూడు ఏరడానికి గంటన్నర పట్టింది. తెల్లదానిలో జేడ్, నీలందానిలో హవోర్థియా, ఏనుగుపిల్ల వీపులో ఎచెవీరియా. మట్టి నర్సరీ నుంచి తెచ్చాను. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపి అమ్ముతారే, అది. బుధవారం, ఆదివారం లెక్కపెట్టుకుని ఒక్కోదానికి అరగ్లాసు నీళ్ళు పోశాను. ఎక్కువ పొయ్యకు అన్నారు కదా, అరగ్లాసు తక్కువే అనుకున్నాను.

జూలై మధ్యకొచ్చేసరికి ఎచెవీరియా కింది ఆకులు పసుపురంగుకి తిరిగాయి. వడిలిందనుకుని ఇంకాస్త నీళ్ళు పోశాను. ఇది అందరూ చేసే పొరపాటేనని తర్వాత తెలిసింది. వేళ్ళు కుళ్ళిపోయిన మొక్కకి నీళ్ళు తాగే దారి ఉండదు, అందుకని నీళ్ళలో కూర్చునే దాహంతో వడిలిపోతుంది. చూసేవాడికేమో నీళ్ళు చాలలేదనిపిస్తుంది. మరో నాలుగు రోజులకి ఆకులు గాజులా పారదర్శకంగా అయిపోయి, ముట్టుకుంటే ఊడి వచ్చేస్తున్నాయి. మొక్కని పట్టి లాగితే చేతిలోకొచ్చేసింది. కాండం నల్లగా, మెత్తగా ఉంది. కుండీ వంపితే అడుగునుంచి మురిక్కాలవ వాసన.

సరిగ్గా ఆ వారమే ఆవిడ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "మొక్కలెలా ఉన్నాయి?"

ఫోన్‌లో వెతికితే మూడూ కలిసి ఉన్న పాత ఫోటో ఒకటి దొరికింది. అది పంపించి, "బావున్నాయి అక్కా" అని రాశాను. పచ్చటి ఆకు బొమ్మ కూడా పెట్టాను.

*

ఆగస్టులో అమ్మ వచ్చింది. మాది రాజమండ్రి దగ్గర. కడియం నర్సరీల మధ్యనుంచి రోజూ బడికెళ్ళినవాణ్ణి. మొక్కల గురించి నాకు ఏమీ తెలీదని చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ ఏనుగుపిల్ల కుండీని చేతిలోకి తీసుకుని, తిరగేసి, అడుగు చూసి, "ఇది గిన్నె కదరా" అంది.

తర్వాత ఇంకో మాటంది. "మన వీధి గుమ్మానికి కలబంద కట్టేవాళ్ళం, గుర్తుందా?"

గుర్తుంది. మీలో చాలామంది ఇళ్ళకీ ఉండే ఉంటుంది. దిష్టి తగలకుండా కలబందని వేళ్ళతో సహా పీకి గుమ్మం పైన తలకిందులుగా వేలాడదీస్తారు. దానికి మట్టి ఉండదు. ఎవరూ ఒక్క చుక్క నీళ్ళు పొయ్యరు. అయినా అది నెలలకి నెలలు బతికే ఉంటుంది, ఒక్కోసారి పైకి వంపు తిరిగి కొత్త ఆకు కూడా వేస్తుంది. "అసలు కుండీయే లేకుండా బతికే జాతిని నువ్వు కుండీలో పెట్టి చంపావు" అంది అమ్మ. తిట్టడంలేదు, లెక్క చెబుతోంది.

ఆ లెక్క నాకు పట్టుకుంది. సక్యులెంట్‌కి కుండీ నీళ్ళు నిలవ ఉంచక్కర్లేదు. ఆ పని మొక్క తన ఆకుల్లోనూ కాండంలోనూ చేసుకుంటుంది. ఈ మొక్కల్లో చాలావాటికి పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకునే పద్ధతి ఉంది, నీళ్ళు ఆవిరైపోకుండా. శాస్త్రంలో దానికి పెట్టిన పేరు కూడా ఎచెవీరియా, జేడ్ మొక్కల కుటుంబం క్రాసులేసి పేరు మీదే వచ్చింది. మన రణపాలదీ అదే కుటుంబం. వాటి సొంత ఊళ్ళు చూసినా అంతే. ఎచెవీరియాలు ఎక్కువగా మెక్సికో కొండరాళ్ళ సందుల్లోవి. హవోర్థియా, జేడ్ దక్షిణాఫ్రికావి. వానపడితే గబగబా తాగి, తర్వాత వారాల తరబడి పొడి రాళ్ళ మధ్య ఉండడం వాటి అలవాటు. కుండీ చెయ్యాల్సిన పనల్లా నీళ్ళని లోపలికి రానిచ్చి త్వరగా బయటికి పంపెయ్యడం. మూడు కుండీలు కొన్ననాడు రంగు చూశాను, అంచు చూశాను, తొండం ఎటు తిరిగిందో కూడా చూశాను. నీళ్ళు ఎటు పోతాయో చూడలేదు.

ఎచెవీరియా అన్న పేరు ఒక చిత్రకారుడిదని కూడా అప్పుడే తెలిసింది. అతనాసియో ఎచెవెర్రియా అని, మెక్సికోలో మొక్కల బొమ్మలు వేసినాయన. 1828లో డి కాండోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి ఆయన పేరు పెట్టాడు. చచ్చిపోయాక మొక్క గురించి ఇంత తెలుసుకుంటున్నానేంటని నా మీద నాకే చిరాకేసింది.

*

ఇక కొట్టతను చెప్పిన గులకరాళ్ళ సంగతి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి, నీళ్ళు రాళ్ళలోకి దిగిపోతాయన్న మాట ఎందుకు తప్పయిందో అర్థం కాకపోతే నిద్రపట్టలేదు. ఇది మీరు వంటింట్లోనే చూడొచ్చు. గిన్నెలు తోమే స్పాంజి, పొడుగ్గా ఉండేది, ఒకటి తీసుకోండి. నీళ్ళలో బాగా ముంచి, బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పి పట్టుకోండి. మళ్ళీ కారడం మొదలవుతుంది. స్పాంజి అదే, అందులో నీళ్ళూ అవే, ఎత్తొక్కటే మారింది.

మట్టి కూడా అంతే. నీళ్ళు పోశాక అడుగున కొంత ఎత్తు వరకూ మట్టి రేణువుల మధ్య సందులు నీళ్ళతో నిండిపోయి ఉంటాయి, చిల్లున్నా సరే. సన్నటి సందులు నీళ్ళని గట్టిగా పట్టుకుంటాయి, వదలవు. ఆ తడి పొర ఎంత ఎత్తుంటుందన్నది మట్టి ఎంత మెత్తన అన్నదాని మీద ఆధారపడుతుంది, కుండీ ఎత్తు మీద కాదు. కింద గులకరాళ్ళు పోస్తే ఏమవుతుంది? నీళ్ళు సన్నటి సందుల్లోంచి పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగవు. తడి పొర రాళ్ళ పైకెక్కి కూర్చుంటుంది. అంటే వేళ్ళకి ఇంకా దగ్గరగా. నేను డబ్బిచ్చి కొన్న రాళ్ళు నీటిమట్టాన్ని ఒక అంగుళం పైకి తెచ్చాయి.

పైగా నా కుండీలకి చిల్లే లేదు. కాబట్టి తడి పొరతోపాటు, కిందకి దిగిన ఆ కాసిని నీళ్ళు కూడా అక్కడే ఉండిపోయాయి. వేళ్ళకి నీళ్ళతోపాటు ఆక్సిజన్ కావాలి. నీళ్ళలో ఆక్సిజన్ గాలిలోకంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. సందులన్నీ నీళ్ళతో మూసుకుపోతే వేళ్ళకి ఊపిరాడదు, ఊపిరాడని వేళ్ళని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. బుధ, ఆదివారాల అరగ్లాసులు ఎన్నయ్యాయో లెక్కేసుకున్నాను. తక్కువ తక్కువ అనుకుంటూనే పోసిన నీళ్ళు ఎక్కడికీ పోలేదు.

అమ్మ ఉన్న పదిహేను రోజుల్లో ఇంకో పని చేశాను. ఒకే సైజు కుండీలు మూడు తీసుకున్నాను. మామూలు మట్టిది ఒకటి, ప్లాస్టిక్‌ది ఒకటి, లోపలా బయటా నునుపు పూత ఉన్న పింగాణీది ఒకటి. మూడింటికీ అడుగున చిల్లుంది. మొక్కలు లేకుండా ఒకే మట్టి నింపి, ఒకేలా తడిపి, కారడం ఆగాక వంటింటి తూకం మీద పెట్టి రోజూ పొద్దున్నే బరువు రాసుకున్నాను. "కూరగాయలు తూచే కాటా మీద మట్టేంట్రా" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. మట్టికుండీ ఐదో రోజుకల్లా దాదాపు తడపకముందు బరువుకి వచ్చేసింది. మిగతా రెండూ పదో రోజున కూడా బరువు తగ్గుతూనే ఉన్నాయి. ఒక ఇల్లు, ఒక బాల్కనీ, ఒక వానాకాలపు నెల, అంతే. దీన్ని పరిశోధన అనకండి. నా అనుమానం తీరడానికి మాత్రం సరిపోయింది.

కారణం మనకి తెలిసిందే. వేసవిలో మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీళ్ళు బయటికి చెమర్చి ఆవిరవుతాయి కాబట్టి. పూలకుండీ గోడదీ అదే పని. దాని మీద తెల్లచారలుంటాయి చూడండి, అవి నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు. మా అపార్ట్‌మెంట్ బోరునీళ్ళలో అవి బోలెడు. నీరు ఆవిరై పోయిన చోట ఉప్పు మిగిలిపోతుంది. అక్క కుండీల మీద ఆ చారలు చూసే నేను అవి పాతబడిపోయాయని తీర్మానించాను. ఆ కుండీలు ఏళ్ళ తరబడి రోజూ పనిచేస్తున్నాయనడానికి అవే ఆనవాళ్ళు.

*

మిగిలిన రెండు మొక్కలనీ పింగాణీలోంచి పీకేశాను. హవోర్థియాకి సగం వేళ్ళు పోయాయి. కుళ్ళినవి కత్తిరించి, నాలుగు రోజులు కాగితం మీద నీడలో ఆరబెట్టాను. జేడ్ గట్టిపిండం, కొన్ని ఆకులు రాల్చి ఊరుకుంది. అక్క మట్టికుండీల కోసం బాల్కనీలో వెతికితే మూడింట్లో ఒకటి వాషింగ్‌మెషీన్ పక్కన పగిలి కనిపించింది. మిగతా రెండూ కడిగి, పగిలినదాని పెంకుముక్కలు చెరోటి చిల్లు మీద బోర్లించాను, మట్టి జారిపోకుండా. నర్సరీ మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు కలిపాను. రెండు మొక్కలూ వాటి పాత ఇంటికి వెళ్ళాయి. సరిగ్గా సరిపోయాయి. ఆవిడ వాటి వేళ్ళు చూసి ఎంచిన కొలత అది.

సైజు విషయంలో నేను చేసిన తప్పు చాలామంది చేస్తారు. పిల్లలకి రెండేళ్ళు పనికొస్తుందని పెద్ద చొక్కా కొన్నట్టు, మొక్క పెరుగుతుంది కదా అని పెద్ద కుండీ కొంటాం. సక్యులెంట్ నెమ్మదిగా పెరుగుతుంది. వేళ్ళు చేరని మట్టిలో నీళ్ళు తాగేవాళ్ళుండరు, అది తడిగానే ఉండిపోతుంది. వేళ్ళముద్ద చుట్టూ ఒక వేలు పట్టేంత ఖాళీ చాలు. ఏడాదికో రెండేళ్ళకో ఇంకాస్త పెద్దదానిలోకి మార్చుకోవచ్చు.

లోతు మొక్కని బట్టి. ఎచెవీరియా లాంటి వాటి వేళ్ళు పైపైనే ఉంటాయి, మరీ లోతు అక్కర్లేదు. గులకరాళ్ళలా కనబడే లిథాప్స్‌కి తల్లివేరు కిందకి దిగుతుంది, వాటికి లోతు కావాలి. పళ్ళెంలాంటి కుండీలు చూడ్డానికి బావుంటాయి గానీ స్పాంజి సంగతి మర్చిపోకూడదు. తడి పొర మూడు సెంటీమీటర్లనుకుంటే, పన్నెండు సెంటీమీటర్ల కుండీలో అది పావువంతు, ఆరు సెంటీమీటర్ల పళ్ళెంలో సగం. అందుకే లోతు తక్కువైనకొద్దీ మట్టి ముతకగా ఉండాలి. జేడ్‌కి బరువైన కుండీ మేలు. ఆకుల్లో నీళ్ళు నింపుకుని పైన బరువెక్కుతుంది, తేలిక కుండీ అయితే గాలికి బోర్లాపడుతుంది. ఇంకోటి, కడవలా మెడ సన్నగా ఉన్న కుండీలు కొనకండి. వేళ్ళు లోపల అల్లుకున్నాక మొక్కని బయటికి తియ్యాలంటే కుండీ పగలగొట్టడమే.

ప్లాస్టిక్ పాపమేమీ చెయ్యలేదు. చిల్లులుండి, మట్టి ముతకగా ఉండి, నీళ్ళు పోసేవాడి చెయ్యి నిదానమైతే అందులోనూ చక్కగా పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకి మరీ చిన్న మట్టికుండీ ఒక్కరోజులో ఎండిపోతుంది, అప్పుడు ప్లాస్టిక్కే నయం. అయితే నల్లటిది ఎండలో పెడితే లోపల వేళ్ళు ఉడుకుతాయి. రేకుడబ్బాలదీ అదే గొడవ, పైగా తుప్పు. చిల్లులేని గాజుగిన్నెలో నాలుగు రకాల సక్యులెంట్లు గుచ్చి, పైన రంగురాళ్ళు పోసి గిఫ్టుగా ఇస్తుంటారు. అది బొకే అనుకోండి, నాలుగు వారాలు చూసి ఆనందించండి. పింగాణీ మీద మరీ మోజుంటే ఒక దారుంది. మొక్కని చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి, దాన్ని పింగాణీ దానిలో కూర్చోబెట్టాలి. నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, పూర్తిగా కారాక మళ్ళీ లోపల పెట్టాలి.

చిల్లుంటే సరిపోదు, అది తెరుచుకుని ఉండాలి. నున్నటి టైల్స్ మీద కుండీ అడుగు అతుక్కుపోయి చిల్లు మూసుకుంటుంది. కింద రెండు పెంకుముక్కలు పెట్టి కాస్త ఎత్తితే చాలు. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబొయ్యాలి, లేకపోతే మట్టి వాటిని మళ్ళీ పైకి పీల్చుకుంటుంది. అక్క ఐస్‌క్రీమ్ మూతలు వాడింది పిసినారితనంతో అనుకున్నాను. వాటి అంచు ఎత్తు అరసెంటీమీటరు కూడా ఉండదు. అందులో నిలవడానికి నీళ్ళకి చోటే లేదు.

*

కుళ్ళిన ఎచెవీరియాలో పై వరస ఆకులు నాలుగు బాగానే ఉన్నాయని చెప్పలేదు కదూ. ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు. చిన్నప్పుడు స్కూల్లో రణపాల ఆకు పుస్తకంలో దాచుకుంటే అంచులనుంచి పిల్లమొక్కలు రావడం చూశాం. ఇది కూడా ఆ కుటుంబమే కాబట్టి ఆశ. నాలుగు ఆకుల్నీ పొడి ఇసుక మీద పరిచి వదిలేశాను. ఒకటి కుళ్ళింది, రెండు ముడుచుకుపోయాయి. నాలుగోదాని తొడిమ దగ్గర సెప్టెంబరులో దారప్పోగుల్లాంటి గులాబీరంగు వేళ్ళు కనబడ్డాయి. అక్టోబరుకి మినప్పప్పు గింజంత మొక్క. తల్లి ఆకు తనలో నీళ్ళన్నీ దానికిచ్చి తాను ఎండుతూ వచ్చింది.

దీపావళి ముందు రోడ్డు పక్కన ప్రమిదలు, కుండీలు పెట్టుకుని అమ్ముతున్న పెద్దాయన దగ్గర ఆగాను. నా మొక్కకి సరిపోయేంత చిన్న కుండీ లేదు. చాయ్ తాగే మట్టి కప్పులున్నాయి, కొలత కరెక్టు. వీటికి చిల్లు పెట్టిస్తారా అనడిగాను. "పచ్చిగున్నప్పుడే పెట్టాలె సారూ తూటు. కాల్చినంక పెడితే పల్గుతది" అన్నాడాయన. అయినా మూడు కప్పులు కొన్నాను. ఇంట్లో టైల్స్‌కి వాడే డ్రిల్ బిట్ ఉంది. కప్పుని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, అడుగున టేపు అంటించి, హ్యామర్ మోడ్ తీసేసి, నొక్కకుండా నెమ్మదిగా తిప్పాలి. మొదటిది రెండు ముక్కలైంది. రెండోది పగులిచ్చింది. మూడోదానికి ఇరవై నిమిషాలు పట్టింది. చిల్లులోంచి అవతలి వెలుతురు కనబడ్డప్పుడు, చాన్నాళ్ళుగా తెగని బగ్ దొరికినంత హాయిగా అనిపించింది.

జనవరికి మొక్క రూపాయి బిళ్ళంత అయింది. సంక్రాంతికి ఊరెళ్ళే ముందు అక్కకి ఫోన్ చేశాను. ఈ మధ్యలో ఆవిడకి ఇంకోచోట ఉద్యోగం దొరికిందని వేరేవాళ్ళ ద్వారా తెలుసు. నాకుగా నేను ఫోన్ చెయ్యడం అదే మొదలు. మియాపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ మొక్కలు రెండూ ఆవిడ కుండీల్లోనే తీసుకెళ్ళాను. వాటితోపాటు ఈ చాయ్ కప్పు.

దారంతా మాటలు కూర్చుకున్నాను గానీ అక్కడికెళ్ళాక ఒక్కటీ పనికిరాలేదు. "అక్కా, ఎచెవీరియా జూలైలోనే చచ్చిపోయింది. నేనే చంపాను. మీరు అడిగిన రోజు పంపింది పాత ఫోటో" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"ఎలా?"

"ఫోటోలో వెనక నా మానిటర్ ఉంది. దాని మీద నేనంటించుకున్న పసుప్పచ్చ కాగితం కూడా కనిపిస్తోంది."

నాకు ఏమనాలో తోచలేదు. పదేళ్ళు కోడ్ రివ్యూ చేసిన మనిషికి ఫోటో పంపే ముందు వెనక ఏముందో చూసుకోలేదు. "మరి అడగలేదేం అక్కా?" అన్నాను.

"అడిగితే ఇంకో ఫోటో పంపేవాడివి" అన్నారు.

ఆ రోజు ఆఫీసులో అనాల్సిన మాట అప్పుడన్నాను. ఏడు నెలలు ఆలస్యంగా. ఆవిడ సరేలే అన్నట్టు చెయ్యూపి, చాయ్ కప్పుని అందుకున్నారు. మొక్కని చూడకుండా ముందు కప్పుని కళ్ళెత్తు వరకూ లేపి అడుగువైపు చూశారు.

"ఈ చిల్లు నువ్వే పెట్టావా?"

"అవునక్కా. మూడింట్లో రెండు పగిలాయి."

"పక్కకి పోయింది, మధ్యలో లేదు" అన్నారు. "ఫర్లేదు, కారుతుంది."